వెల యెంత? ఖర్చెంత?

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని తెలుగువారి సామెత. సంసారము నడుపు ప్రతి గృహస్థునకు దీని అర్థము అనుభవముచేతనే తెలిసినది. అయితే కొనుగోలు సంగతి ఇంటి గడపతో ముగియునది కాదు. వేలకొలది విద్యార్థులు చదువు విశ్వవిద్యాలయము కూడ ఒక పెద్ద సంసారమే. దానికి ఏడాది పొడుగున కావలసిన వస్తువుల పట్టీ వ్రాసినచో ఒక గ్రంథమగును. తరగతి గదులకు బల్లలు, కుర్చీలు, పంకాలు, దీపములు. ప్రయోగశాలలకు గాజుపాత్రలు, రసాయనములు, యంత్రములు. కార్యాలయములకు కంప్యూటర్లు, కాగితము, సిరా. వసతిగృహములకు బియ్యము, పప్పు, నూనె, కూరగాయలు. వస్తువులే కాదు, మనుష్యుల శ్రమ కూడ ఈ పట్టీలో చేరినది. ఊడ్చువారు, కావలివారు, తోటపనివారు, వాహనములు నడుపువారు - వీరిలో పెక్కుమంది సేవలను నేడు విశ్వవిద్యాలయములు కాంట్రాక్టర్ల ద్వారా కొనుచున్నవి.

ఇంత కొనుగోలు జరుగుచున్నను, దానిని విద్యకు సంబంధించిన విషయముగా తలచువారు అరుదు. అది స్టోర్సు గుమాస్తా పని, కొనుగోళ్ల సంఘము పని అని ఊరకుందురు. పర్యావరణమును గూర్చి ఆచార్యుడు పాఠము చెప్పు గదిలోనే, విద్యుత్తును వృథాగా మ్రింగు పంకా తిరుగుచుండును. కనీస వేతనమును గూర్చి అర్థశాస్త్ర ఉపన్యాసము జరుగు భవనమును ఉదయమే ఊడ్చిపోయిన స్త్రీకి, ఆ కనీస వేతనము పూర్తిగా చేతికి రాకపోవచ్చును. విద్యార్థి గ్రంథము చదివి నేర్చుకొనునది ఒకటి. తాను చదువు సంస్థ నడవడిని చూచి నేర్చుకొనునది మరొకటి. ఈ రెండు పాఠములును పరస్పరము విరుద్ధములైనపుడు, రెండవదే మనస్సున నాటుకొనును.

కావున విశ్వవిద్యాలయము ఏమి కొనుచున్నది, ఎట్లు కొనుచున్నది అను ప్రశ్న గుమాస్తాకు వదలివేయదగినది కాదు. భూమికిని, పనివారికిని, రాబోవు తరమునకును హాని కలుగని రీతిగా కొనుటను నేడు సుస్థిరమైన కొనుగోలు అనుచున్నారు. పేరు క్రొత్తదే గాని, దాని మూలమున ఉన్న లెక్క పాతదే.

తక్కువ కొటేషను

ప్రభుత్వ ధనముతో నడుచు సంస్థలలో వస్తువు కొనుటకు ఒక క్రమము కలదు. కావలసిన వస్తువు లక్షణములను వ్రాసి టెండరు పిలుతురు. వచ్చిన కొటేషన్లలో ఆ లక్షణములకు సరిపడినవానిని ఏరి, వానిలో అన్నిటికంటె తక్కువ వెల చెప్పినవారికి ఆర్డరు ఇత్తురు. కార్యాలయ పరిభాషలో వీరికి 'ఎల్ వన్' అని పేరు. అవిభక్త ఆంధ్రప్రదేశములో 2003 లోనే కంప్యూటరు ద్వారా టెండర్లు స్వీకరించు పద్ధతి మొదలైనది. 2016 లో కేంద్ర ప్రభుత్వము 'జెమ్' అను ఎలక్ట్రానిక్ విపణిని నెలకొల్పినది. సాధనములు మారినను సూత్రము మారలేదు: తక్కువ వెల చెప్పినవానిదే గెలుపు.

ఈ పద్ధతిని ఊరక నిందించుట న్యాయము కాదు. అధికారి తన బంధువునకో, ఆశ్రితునకో ఆర్డరు కట్టబెట్టకుండ అడ్డుపడునది ఈ నియమమే. అంకెకు పక్షపాతము లేదు. పదిమంది యెదుట కొటేషన్లు తెరచి, చిన్న అంకెను ఎన్నుకొన్నచో ఎవరికిని వేలెత్తి చూపుటకు వీలుండదు. ప్రజాధనమునకు ఈ కాపుదల అవసరము.

చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, ఆ చిన్న అంకె వస్తువు వెలను మాత్రమే చెప్పును; దాని ఖర్చును చెప్పదు. వెల యనునది కొన్ననాడు ఒక్కసారి ఇచ్చునది. ఖర్చు యనునది ఆ వస్తువును వాడినంత కాలము ఇచ్చుచుండునది. వస్తువు పని తీరిన పిమ్మట దానిని వదలించుకొనుటకు కూడ కొంత ఖర్చగును. కొనుగోళ్ల సంఘము ముందుకు వచ్చు కాగితములో మొదటిది మాత్రమే ఉండును.

దీనికి తోడు మరొక చిత్రము కలదు. పంకాలు కొనుటకు ధనము ఒక పద్దు నుండి వచ్చును. విద్యుత్తు బిల్లు మరొక పద్దు నుండి చెల్లింపబడును. కొన్నవారు బిల్లు చూడరు. బిల్లు కట్టువారిని కొనునపుడు ఎవరును అడుగరు. ఎక్కువ వెల పెట్టి మంచి వస్తువు కొన్న గుమాస్తాను ఆడిటరు 'ఏల?' అని ప్రశ్నించును. తక్కువ వెలకు కొని, పదియేండ్లపాటు సంస్థచేత రెట్టింపు విద్యుత్తునకు సొమ్ము కట్టించినవానిని ఎవరును ప్రశ్నింపరు. ఇట్టి స్థితిలో గుమాస్తా ఏది ఎన్నుకొనునో ఊహించుట కష్టము కాదు. లోపము అతని బుద్ధిలో లేదు. అతనికి అప్పగించిన లెక్కలో ఉన్నది.

ఒక పంకా లెక్క

ఈ విషయమును పాఠశాల విద్యార్థులు కూడ చేయగల చిన్న లెక్కతో పరీక్షింపవచ్చును. సాధారణమైన పాత తరహా పంకా తిరుగుటకు సుమారు 75 వాట్ల విద్యుత్తు కావలెను. బ్రష్‌లు లేని డి.సి. మోటారుతో నడుచు క్రొత్త తరహా పంకాకు సుమారు 30 వాట్లు చాలును. రెండును ఇంచుమించు ఒకే గాలి ఇచ్చును. మొదటి దాని వెల 1,500 రూపాయలు, రెండవ దాని వెల 3,000 రూపాయలు అనుకొనుడు. యూనిట్టు విద్యుత్తు 8 రూపాయలు అనుకొనుడు. వసతిగృహపు గదిలో పంకా దినమునకు 10 గంటల వంతున ఏడాదిలో 250 దినములు, అనగా 2,500 గంటలు తిరుగునని భావించుడు.

పాత పంకా ఏడాదికి 187.5 యూనిట్లు కాల్చును. దానికి బిల్లు 1,500 రూపాయలు. క్రొత్త పంకా 75 యూనిట్లు కాల్చును. బిల్లు 600 రూపాయలు. అనగా వెలలో ఉన్న 1,500 రూపాయల వ్యత్యాసము ఇరువది మాసములలో తీరిపోవును. పదియేండ్ల లెక్క చూచినచో, పాత పంకాకు వెలయు బిల్లును కలిసి 16,500 రూపాయలు. క్రొత్తదానికి 9,000 రూపాయలు. సగము వెలకు వచ్చిన పంకా ఇంచుమించు రెట్టింపు ఖర్చుకు దిగినది.

వేయి పంకాలు కొను విశ్వవిద్యాలయము మొదట 15 లక్షల రూపాయలు అధికముగా పెట్టి, పదియేండ్లలో బిల్లులపై 90 లక్షలు మిగుల్చుకొనును. పెట్టిన 15 లక్షలు పోగా 75 లక్షలు నికరముగా దక్కును. ధనము మాట అటుంచి, ఏడాదికి 1,12,500 యూనిట్ల విద్యుత్తు మిగులును. భారతదేశములో యూనిట్టు విద్యుత్తు ఉత్పత్తికి సగటున దాదాపు 0.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు గాలి వెలువడుచున్నదని లెక్క. ఆ ప్రకారము వేయి పంకాలను మార్చిన మాత్రమున ఏడాదికి సుమారు 79 టన్నుల బొగ్గుపులుసు గాలి ఆకాశమున చేరకుండును.

అయితే క్రొత్త వస్తువును గ్రుడ్డిగా నమ్ముటయు తగదు. ఈ పంకాలలో ఎలక్ట్రానిక్ పరికరము కలదు. అది చెడినచో పాతకాలపు మేస్త్రీ కండెన్సరు మార్చి నడిపించినట్లు నడిపింపలేడు. కావున టెండరులోనే ఇన్ని సంవత్సరముల గ్యారంటీ, మరమ్మతునకు ఇన్ని దినముల గడువు అని వ్రాసికొనవలెను. అట్లు వ్రాయని కొనుగోలులో పైన చూపిన ఆదా కాగితము మీదనే నిలిచిపోవును.

కలము చేతిలోనే ఉన్నది

నియమములు ఒప్పుకొనవు గదా యని సాధారణముగా వినవచ్చు సమాధానము. ఇది పూర్తిగా నిజము కాదు. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి, కొనదలచిన వస్తువు లక్షణములను నాణ్యమును, పనితీరును కొలుచుటకు వీలగు విధముగా వ్రాయవలెనని చెప్పుచున్నది. 'పంకాలు వేయి' అని మాత్రమే వ్రాసినచో అన్నిటికంటె నాసిరకము గెలుచును. 'ఇంత గాలి ఇయ్యవలెను, ఇన్ని వాట్లకు మించరాదు, ఇన్నేండ్లు గ్యారంటీ ఉండవలెను' అని వ్రాసినచో ఆ పరీక్షలో నెగ్గినవారిలో తక్కువ వెల చెప్పినవారు గెలుతురు. నియమము అదియే, ఫలితము వేరు. పరీక్షాపత్రమును తేలికగా తయారు చేసి, ఉత్తీర్ణుల అజ్ఞానమును చూచి విచారించుట ఉపాధ్యాయునకు ఎంత తగనిదో, కొనుగోళ్ల సంఘమునకును అంతే తగనిది.

విద్యుత్తును పొదుపుగా వాడు వస్తువులకు నక్షత్రముల గుర్తు వేయు పద్ధతి 2006 నుండి దేశములో అమలులో ఉన్నది. 2023 జనవరి నుండి సీలింగు పంకాలకు ఆ గుర్తు తప్పనిసరి అయినది. కావున కొలుచుటకు సాధనము లేదను మాటకును తావు లేదు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ మరొక వెసులుబాటు కల్పించినది. నాణ్యము ప్రధానమని ముందుగా నిర్ణయించిన పనులకును, సేవలకును వెలతోపాటు నాణ్యమునకు కూడ 30 శాతము వరకు మార్కులు ఇయ్యవచ్చునని ఆ ఉత్తరువు చెప్పినది. తక్కువ వెల ఒక్కటే గీటురాయి కానక్కరలేదని ప్రభుత్వమే అంగీకరించినదన్న మాట.

పదిమంది కలిసి కొన్నచో

మంచి వస్తువు ప్రియమని భయపడువారు దీపముల చరిత్రను జ్ఞాపకము చేసికొనవలెను. 2014 లో ఎల్.ఈ.డి. బల్బును ప్రభుత్వరంగ సంస్థయైన ఈ.ఈ.ఎస్.ఎల్. సుమారు 310 రూపాయలకు కొనెను. ఆ సంస్థ ఒక్కొక్క పట్టణమునకు కాక, దేశమంతటికిని కావలసిన కోట్ల బల్బులకు ఒక్కుమ్మడిగా టెండర్లు పిలిచినది. రెండు మూడేండ్లలో ఆ వెల 38 రూపాయలకు దిగినది. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకము క్రింద 36 కోట్లకు పైగా బల్బులు ప్రజలకు చేరినవి. మంచి వస్తువు చౌక అగునంతవరకు ఆగినందున అది చౌక కాలేదు. పెద్ద మొత్తమున కొనువాడు ముందుకు వచ్చినందున చౌక అయినది.

సేవను కొనుటలో కూడ ఇట్టి ఉపాయము కలదు. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసిన పిమ్మట, నగరపు వీధిదీపములను ఎల్.ఈ.డి. దీపములుగా మార్చిరి. దీపముల పెట్టుబడిని మొదట సంస్థయే పెట్టుకొని, విద్యుత్తులో కలిగిన ఆదా నుండి క్రమముగా రాబట్టుకొను పద్ధతి అది. చేతిలో డబ్బు లేని విశ్వవిద్యాలయము కూడ ఇదే త్రోవను అనుసరింపవచ్చును. తెలుగు రాష్ట్రములలోని విశ్వవిద్యాలయములు వేర్వేరుగా నూరేసి పంకాలకు, యాభైయేసి కంప్యూటర్లకు టెండర్లు పిలుచుటకు బదులు, ఏడాదికొకసారి కూడి ఒకే పట్టీ తయారు చేసినచో అమ్మువాడు దిగి వచ్చును. షరతులను కూడ మన్నించును.

అసలు కొననక్కరలేనివి

ఎట్లు కొనవలెనని అడుగుటకు ముందు, కొనవలెనా యని అడుగుట వివేకము. ఒక శాఖలో లక్షల వెల గల పరికరము గుడ్డ కప్పుకొని యుండగా, ప్రక్క భవనములోని శాఖవారు అట్టిదే కొనుటకు దరఖాస్తు పెట్టుట వింత కాదు. పరిశోధన పరికరములను ఒకరివి ఒకరు వాడుకొనుటకు 2020 లో 'ఐ-స్టెమ్' అను జాతీయ వేదిక ఏర్పడినది. ఏ సంస్థలో ఏ పరికరమున్నదో దానిలో చూచి, సమయము కోరవచ్చును. అందరికిని అందుబాటులో ఉన్న ఒక పరికరము తాళము వేసిన మూడింటికంటె మేలు.

చిన్న వస్తువుల విషయములోను ఇంతే. 500 మంది గల వసతిగృహములో దినమునకు రెండు పర్యాయములు టీ ఇచ్చుటకు, వాడి పారవేయు కప్పులు వాడినచో, 250 దినములకు రెండున్నర లక్షల కప్పులు కావలెను. పలుచని ప్లాస్టిక్ కప్పులు, పళ్లెములు మొదలైనవానిని 2022 జూలై 1 నుండి దేశమంతటను నిషేధించిరి. వానికి బదులు వచ్చిన కాగితపు కప్పుల లోపల కూడ సాధారణముగా సన్నని ప్లాస్టిక్ పూత ఉండును. స్టీలు గ్లాసులు వేయి కొన్నచో ఏండ్లకొలది పనికివచ్చును. వానిని కడుగుటకు నీరును, మనిషియు కావలెననుట నిజమే. కాని ఆ కూలి ఊరిలోని ఒక కుటుంబమునకు అన్నమగును. కప్పులకు పోసిన ధనము చెత్తకుప్ప చేరును.

చీపురు పట్టిన చేయి

వస్తువు చౌకయైనచో నష్టము బిల్లులో తేలును. సేవ చౌకయైనచో నష్టము మనిషి శరీరముమీద తేలును. ఈ భాగము మిక్కిలి జాగ్రత్తగా చూడవలసినది.

ఒక విశ్వవిద్యాలయము ఆవరణను శుభ్రపరచుటకు నూరుగురు పనివారు కావలెననుకొనుడు. ఆ ప్రాంతమున కనీస వేతనము నెలకు 12,000 రూపాయలు అనుకొనుడు. జీతములకే 12 లక్షలు. భవిష్యనిధికి యజమాని వంతు 12 శాతము చొప్పున 1,44,000 రూపాయలు. ఇ.ఎస్.ఐ. వైద్య సహాయమునకు 3.25 శాతము చొప్పున 39,000 రూపాయలు. మొత్తము 13,83,000 రూపాయలు. ఇంకను చీపుళ్లు, ఫినాయిలు, మేస్త్రీ జీతము, కాంట్రాక్టరు లాభము లెక్కకు రానేలేదు. ఇట్టి పనికి ఒక కాంట్రాక్టరు నెలకు 12,50,000 రూపాయలకు కొటేషను వేసినచో, అతడు అందరికంటె తక్కువవాడగును, ఆర్డరు అతనిదగును. మిగిలిన 1,33,000 రూపాయలు ఎక్కడినుండి వచ్చును? మనిషికి 1,330 రూపాయల వంతున ఆ నూరుగురి జీతములనుండియైన రావలెను. లేదా నూరుగురు చేయవలసిన పనిని ఎనుబదిమంది నడుములు వంచి చేయవలెను. మూడవ మార్గము లేదు. తన వంతు రుసుము సున్న అని వ్రాసిన కొటేషన్లు వచ్చిన సందర్భములును కలవు. సున్న లాభమునకు వ్యాపారము చేయువాడు పుణ్యాత్ముడైన కావలెను, మరొక దారిని రాబట్టుకొనువాడైన కావలెను.

కాంట్రాక్టరు జీతము ఇయ్యకున్నచో పని చేయించుకొన్న ప్రధాన యజమాని ఇయ్యవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము శాసించినది. 2020 లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులలోను ఆ బాధ్యత నిలిచియున్నది. కావున చౌక కొటేషనును అంగీకరించి చేతులు దులుపుకొనుటకు చట్టము కూడ ఒప్పుకొనదు. దీనికి మందు కష్టమైనది కాదు. చట్టము ప్రకారము చెల్లింపవలసిన మొత్తమును సంఘము ముందుగా తానే లెక్కించి, అంతకు తక్కువ వచ్చిన కొటేషనును పరిశీలనకే తీసికొనరాదు. ప్రతి నెలయు జీతములు బ్యాంకు ఖాతాలలో పడినట్లు, భవిష్యనిధి చలానా కట్టినట్లు రుజువు చూపిన తరువాతనే తరువాతి బిల్లు చెల్లింపవలెను. ఈ రెండు వాక్యములు టెండరులో చేర్చుటకు అరపుట కాగితము చాలును.

కొన్నదానికి అంత్యక్రియ

పాతబడిన విశ్వవిద్యాలయములో ఏదో ఒక గదికి తాళము వేసియుండును. దానిని తెరచినచో విరిగిన కుర్చీలు, బూజుపట్టిన కంప్యూటర్లు, ప్రింటర్లు, బ్యాటరీలు గుట్టలుగా కనబడును. అమ్మబోతే అడవి యను సామెత పూర్వభాగము ఇక్కడ వర్తించును. పాత ఇనుము వర్తకునకు తూకమునకు అమ్మినచో వచ్చునది స్వల్పము. అతనినుండి అవి ఎక్కడికి పోవుచున్నవో అడుగువారు లేరు. తీగెలలోని రాగి కొరకు వానిని బహిరంగముగా కాల్చుచోట్ల, సీసము వంటి విషపదార్థములు పొగలోను మట్టిలోను కలియును. ఆ పొగను పీల్చువారిలో పిల్లలును ఉందురు.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము, పట్టికలో చెప్పిన ఇట్టి పరికరములను ఏడాదిలో వేయికి తక్కువ కాకుండ వాడిన సంస్థ పెద్ద వినియోగదారు క్రిందికి వచ్చును. అట్టి సంస్థ తన వ్యర్థములను రిజిస్టరు అయిన తయారీదారులకో, బాగుచేయువారికో, శుద్ధిచేయువారికో మాత్రమే అప్పగింపవలెను. విశ్వవిద్యాలయములలో పెక్కింటికి ఇది వర్తించును. ఈ భారమును కొననాడే తలచుట తెలివి. 'పని తీరిన పిదప వస్తువును అమ్మినవారే తిరిగి తీసికొని, నియమానుసారము శుద్ధికి పంపవలెను' అను షరతు టెండరులో ఉన్నచో, అటువంటి గదికి తాళము వేయవలసిన అగత్యమే కలుగదు.

చొక్కా మీది పేరు

కొనుగోలులో విద్యార్థులు కూడ పాలు పంచుకొని గెలిచిన కథ ఒకటి అమెరికాలో కలదు. అక్కడి విశ్వవిద్యాలయములు తమ పేరును, చిహ్నమును చొక్కాలపై, టోపీలపై ముద్రించుటకు కంపెనీలకు అనుమతి ఇచ్చి రుసుము పుచ్చుకొనును. ఆ దుస్తులను మధ్య అమెరికాలోను, ఆసియాలోను పేద శ్రామికులు కుట్టుచుందురు. 1990 దశకము చివర విద్యార్థులు ఒక సామాన్యమైన ప్రశ్న వేసిరి: 'మా విశ్వవిద్యాలయము పేరు గల ఈ చొక్కాను కుట్టినవారికి ఏమి కూలి దొరకినది?' ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకే 2000 లో 'వర్కర్ రైట్స్ కన్సార్టియమ్' అను పరిశీలక సంస్థ ఏర్పడినది. విశ్వవిద్యాలయములు దానిలో సభ్యులుగా చేరినవి.

2009 ఆరంభమున హోండురాస్ దేశములో రస్సెల్ అను కంపెనీ, పనివారు సంఘము పెట్టుకొన్న ఒక కర్మాగారమును మూసివేసెను. ఇంచుమించు 1,200 మంది వీధిని పడిరి. సంఘము పెట్టుకొనుటయే మూతకు ముఖ్యకారణమని పరిశీలక సంస్థ తేల్చినది. విద్యార్థుల ఒత్తిడిచేత దాదాపు 100 విశ్వవిద్యాలయములు ఆ కంపెనీతో తమ ఒప్పందములను రద్దు చేసికొనినవి. అదే ఏడాది నవంబరులో కంపెనీ దిగివచ్చి, క్రొత్త కర్మాగారమును తెరచుటకు, పనివారిని తిరిగి తీసికొనుటకు ఒప్పుకొనెను. ఒక్క విశ్వవిద్యాలయము ఒంటరిగా చేయజాలనిది, నూరు విశ్వవిద్యాలయములు కలిసి, ఆయుధము పట్టకుండ, కేవలము కొనుటను ఆపి చేసినవి.

తెలుగు దేశమునకు ఇట్టి అవకాశము స్నాతకోత్సవము రూపమున ఎదురుగా ఉన్నది. స్నాతకోత్సవ వస్త్రములకు చేనేత బట్టను వాడుడని యు.జి.సి. 2019 లో విశ్వవిద్యాలయములను కోరినది. పోచంపల్లి, మంగళగిరి, వెంకటగిరి మగ్గములు దూరమున లేవు. ఏడాదికొకసారి నిశ్చయముగా వచ్చు ఆర్డరు, ముందుగా తెలిసిన కొలత, సకాలమున అందు సొమ్ము - ఈ మూడును నేతగానికి సభలలో చదువు ప్రశంసాపత్రములకంటె మేలు చేయును. పట్టము పుచ్చుకొను విద్యార్థి భుజముమీది బట్ట ఏ యూరి మగ్గముమీద నేసినదో అతనికి చెప్పగలిగిన విశ్వవిద్యాలయమునకు అది గౌరవమే.

ఆక్షేపణలు

వీనికి ఆక్షేపణలు లేకపోలేదు. షరతులు పెంచినకొలది ధ్రువపత్రములు చూపగల పెద్ద కంపెనీలే నిలిచి, ఊరి వడ్రంగి, చిన్న దుకాణదారు టెండరుకు దూరమగుదురని కొందరి భయము. ఇది ఆలోచింపదగినది. బెంచీలు చేయు వడ్రంగిని కాగితముల బరువుతో అణచుట సుస్థిరత కాదు. ఎక్కువ విద్యుత్తు, ఎక్కువ విషము, ఎక్కువ మంది శ్రమ ఇమిడియున్న కొనుగోళ్లకు కఠినమైన షరతులును, తక్కినవానికి తేలిక షరతులును ఉండుట న్యాయము.

'పర్యావరణమునకు మేలైనది' అను ముద్ర వేసికొన్న ప్రతి వస్తువును నమ్మరాదనుట రెండవ ఆక్షేపణ. ఇదియు సత్యమే. మంచి వస్తువులకు ముద్ర వేయుటకై ప్రభుత్వము 1991 లో ఎకోమార్కు పద్ధతిని ఏర్పరచినది. అది అంతగా వ్యాప్తి పొందనందున 2024 లో క్రొత్త నియమములు చేసినది. ఆ ఏడాదియే బూటకపు పర్యావరణ ప్రకటనలను అరికట్టుటకు మార్గదర్శక సూత్రములు కూడ వెలువడినవి. కాని విశ్వవిద్యాలయమునకు ఇతరులెవ్వరికిని లేని ఒక సౌకర్యమున్నది. దాని ఆవరణలోనే ప్రయోగశాలలు, ఆచార్యులు, విద్యార్థులు ఉన్నారు. పంకా ఎన్ని వాట్లు కాల్చుచున్నదో భౌతికశాస్త్ర విద్యార్థి ఒక పూటలో కొలువగలడు. కాంట్రాక్టు లెక్కను వాణిజ్యశాస్త్ర విద్యార్థి పరిశీలింపగలడు. కొనువాడు తన వస్తువును తానే పరీక్షించుకొనగల సంస్థ దేశములో ఇంతకంటె వేరొకటి లేదు.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము 1939 లో ప్రారంభమైనది. గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనము ఎనిమిది దశాబ్దములు దాటినను తరగతులకు నీడనిచ్చుచున్నది. ఆనాడు కట్టినవారు నాటి వెలను మాత్రమే చూడక, రాబోవు తరములను కూడ లెక్కలో చేర్చిరనుటకు ఆ గోడలే సాక్షి.

పాఠశాలలో మొదలు

ఈ విద్య విశ్వవిద్యాలయములో మొదలుపెట్టనక్కరలేదు. ప్రతి పంకా మీదను, ప్రతి దీపము మీదను వాట్లు వ్రాసియుండును. ఉపాధ్యాయుడు లాభనష్టముల పాఠము చెప్పునపుడు మామిడిపండ్ల వర్తకుని లెక్కతోపాటు ఈ లెక్కను కూడ ఇయ్యవచ్చును. తమ తరగతి గదిలోని పంకా ఏడాదికి ఎంత ఖర్చు పెట్టించుచున్నది, మార్చినచో ఎన్ని మాసములలో సొమ్ము తిరిగి వచ్చును, మార్చకున్నచో ఆ సొమ్ముతో గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములు వచ్చును అని విద్యార్థులు లెక్కించి, ప్రధానోపాధ్యాయునకు ఒక కాగితము సమర్పింపవచ్చును. ఆ లెక్కలో తప్పులు దొరలినను నష్టము లేదు, దిద్దుకొందురు.

అట్లు లెక్క నేర్చిన పిల్లవాడు రేపు స్టోర్సు గుమాస్తా కావచ్చును, రిజిస్ట్రారు కావచ్చును, ఆడిటరు కావచ్చును. టెండరు కాగితము అతని ముందుకు వచ్చిననాడు 'వెల యెంత?' అని చూచి సంతకము పెట్టక, మరి మూడు ప్రశ్నలు వేయును: వాడినంత కాలము దీనికి అగు ఖర్చెంత? దీనిని చేసినవారికి ముట్టినదెంత? పని తీరిన పిదప ఇది చేరునదెక్కడ? ఈ మూడింటికిని జవాబు దొరకిన తరువాత అతడు పెట్టు సంతకమునకు ఆడిటరు వలన భయముండదు.